వీపు మీద పౌడరు

షార్జా, 2006

సుగుణక్కా,

బాగున్నావా అని రాసేశాను, అలవాటు పోలేదు. నువ్వు వెళ్లి ఏడు నెలలైంది. రోలా పేటలో మన గది అలాగే ఉంది. నీ మంచం మీద ఇప్పుడు విజయవాడ నుంచి వచ్చిన కొత్త నర్సు పడుకుంటోంది. మంచి పిల్లే... అయినా నిద్రలేవగానే అటు తిరిగి నీ పేరే పిలుస్తున్నాను.

నిన్న దుబాయ్‌లో పెద్ద మీటింగ్ జరిగిందక్కా. మంచాన పడ్డవాళ్లకి పుండ్లు పడకుండా ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికి ఏవేవో దేశాల డాక్టర్లూ నర్సులూ వచ్చారు. నువ్వు మాట్లాడాల్సిన చోట నన్ను నిలబెట్టారు. నీ గురించే చెప్పాను.

ఆ ఇంగ్లండ్ డాక్టరు మన వార్డుకి మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? ఎర్రబడిన చోట రుద్దకూడదు, రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుంది అని ఆయనన్నాడు. మన వార్డులో ఫిలిప్పీన్స్ నర్సు మెర్లిన్ అవునంది. నీకెంత కోపం! స్పిరిట్, పౌడరు వేసి రోగి వీపు రుద్దడం మనకి ట్రైనింగులో మొదట నేర్పిన పని. అందులో మన ఆంధ్రా పిల్లల్ని మించినవాళ్లు లేరని నీ గర్వం. "ఇన్నేళ్లు ఈ చేత్తోనే రుద్దాను. ఈవిడొచ్చి నాకు చెప్పుద్దా?" అన్నావు.

తర్వాత ఉమ్ అల్ క్వైన్‌లో బిల్డింగ్ మీంచి పడి నడుము విరిగిన కరీంనగర్ మనిషి వచ్చాడు. తుంటి ఎర్రబడింది. నువ్వు ఎంత రుద్దినా ఎరుపు తగ్గలేదు సరికదా, తోలు లేచింది. మెర్లిన్ నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. నీతో కలిసి అతన్ని పక్కలు మార్చింది, మడమల కింద దిండు పెట్టింది. సూడాన్ నర్సు అమల్ పుండు ఫొటోలు తీసి తన దేశపు నర్సులకీ ఆ డాక్టరుకీ పంపింది. వాళ్లు చెప్పినట్టల్లా మీరు ముగ్గురూ చేశారు. పుండు మానిన రోజు, డ్యూటీ మారేటప్పుడు అందరి ముందూ అన్నావు: "నాకు నేర్పినోళ్లకి తెలీలేదు. ఇకమీదట ఎవరూ రుద్దొద్దు. ఖలాస్."

అలా అన్నదానివి... అదే వార్డులో నువ్వు మంచాన పడతావని ఎవరనుకున్నారు?

కేన్సర్ ఎముకలకి పాకాక నీకు వీపంతా నొప్పి. "కాసేపు రుద్దవే రూతూ, చచ్చి నీ కడుపున పుడతాను" అనేదానివి. నేను పౌడరు డబ్బా అందుకునేలోపే "వద్దులే. నేనే కదా మాన్పించాను" అని మొహం గోడవైపు తిప్పుకునేదానివి. నాకెంత ఏడుపొచ్చేదో... ఒక్కసారి రుద్ది ఉంటే ఏమయ్యేది? పుండు పడేదా? ఓ గంట హాయిగా నిద్రపోయేదానివా? నిన్న అంతమంది పెద్ద డాక్టర్లు ఎదురుగా ఉన్నారు. అడగాలని లేచి, మళ్లీ కూర్చుండిపోయాను.

అక్కడ చెప్పని సంగతి ఒకటుంది.

నిన్ను పెట్టెలో పెట్టి కాకినాడ పంపే ముందు ఒళ్లు తుడిచింది మెర్లిన్, అమల్, నేను, మేం ముగ్గురమే. పక్కకి తిప్పి చూస్తే నీ వీపు మీద చిన్న మచ్చ కూడా లేదు. అన్ని దేశాల వాళ్లం కలిసి నీ వీపు కాపాడుకున్నాం, నిన్ను కాపాడుకోలేకపోయాం. అమల్ ఏడ్చేసింది. మెర్లిన్ నీ లాకరులోంచి పౌడరు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంక పుండు పడే భయం లేదు కదక్కా... మెడ నుంచి నడుం దాకా, నీకు కావాల్సినంతసేపు, ముగ్గురం రుద్దాం.

డబ్బాలో కొంచెం మిగిలింది. నా దగ్గరే ఉంచుకున్నాను. వార్డులో ఎవరికీ వాడనులే, నీ మాట దాటను.

నీ
రూతు