మొరం దిబ్బ మీద మనుషులున్నారని మనవి

మహారాజశ్రీ సబ్ డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు,

ఖరగ్‌పూర్ ఖరిదా కాపురస్తుడు, రైల్వే వర్క్‌షాపు కమ్మరి విభాగంలో పనిచేసి రిటైరైన కొయ్యాన దేముడు వ్రాసుకున్న అర్జీ. తేది 6 జూన్ 1963.

అయ్యా,

విషయం: తమ కచేరీ వారు అచ్చు వేయించిన ‘ఖరగ్‌పూర్ ఇలాకా: భూగోళము, చరిత్ర, జనము’ అను ఇంగ్లీషు పుస్తకములో మా శ్మశానమును ఖాళీ స్థలముగా చూపించుట, దానిని పట్టుకొని అక్కడ మొరం తవ్వకమునకు ఉత్తరువు ఇచ్చుట, ఆ తవ్వకమును ఆపవలసిన అగత్యము గురించి.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను తగాదాకోరును కాను. ఉద్యోగమంతా సమ్మెట దెబ్బల మధ్య గడిచినందువల్ల చెవులు మందగించి గొంతు పెద్దదయింది. కాగితం మీద కూడా ఆ గొంతే వినిపిస్తే క్షమించవలెను. తమరు బదిలీ మీద కొత్తగా వచ్చారు, ఈ పుస్తకం తమరి హయాంలోది కాదు. అందుచేత తమరి మీద నాకు కోపం లేదు. పుస్తకం మీద మాత్రం చాలా ఉంది.

1. భూగోళము. ఝపటాపూర్ దాటాక వచ్చే ఎర్రమొరం మెట్టను గురించి రాసింది చాలావరకు నిజమే. చెట్టు తక్కువ, గాలి ఎక్కువ. చైత్రం వచ్చేసరికి బావులు అడుగంటుతాయి, గడ్డి మాడిపోతుంది, కాల్‌బైశాఖి గాలిదుమారం లేస్తే ఇంట్లో అన్నం కూడా ఎర్రబడుతుంది. ఇంతవరకు పేచీ లేదు. ఆ తరువాత ‘ఈ మెట్టపై గల దిబ్బ నిరుపయోగము. రైల్వే వారి ఇనుప తుక్కు ఇచ్చట పారవేయబడి యున్నది. రోడ్లకు మొరం తవ్వుకొనుటకు అనుకూలము’ అని ఉన్నది.

అయ్యా, అది తుక్కు కాదు. అవి మా సమాధులు. రైల్వే కూలీల ఇళ్ల వరుసల్లో ఉండే మా లైన్లవాళ్లం చచ్చిపోయినవాళ్లను పూడ్చుకుంటాం. తల దగ్గర కర్ర పాతితే వానాకాలం వెళ్లేసరికి చెద తినేస్తుంది. రాయి పెడితే ఎవరో ఎత్తుకుపోయి గుమ్మం ముందు మెట్టు చేసుకుంటారు. అందుకని పట్టాల అతుకు దగ్గర బిగించే ఫిష్ ప్లేటు, పనికిరాదని తీసేసినది అడిగి తెచ్చుకుని, సుత్తితో పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి నిలువునా పాతుతాం. మా పెద్దల కాలం నుంచీ ఇదే పద్ధతి. అది రైల్వే సొత్తు అని కేసు పెట్టదలచుకుంటే పెట్టవచ్చు. ముద్దాయిలందరూ వాటి కిందనే ఉన్నారు, ఎక్కడికీ పారిపోరు.

2. చరిత్ర. ‘పట్టాలు పడినవి, వర్క్‌షాపు లేచినది, ఊరు ఏర్పడినది’ అని రాశారు. పట్టాలు వాటంతట అవే పడ్డాయా? వర్క్‌షాపు వానకు లేచిన పుట్టగొడుగా? ఇంజనీరు దొరల పేర్లు వరుసగా ఉన్నాయి. స్వరాజ్యం ఖైదీలను పెట్టిన హిజ్లీ జైలు గోడల గురించి పేజీన్నర ఉంది, ఉండవలసిందే. మా నాన్న ఈ ఎర్రమన్ను గంపతో మోసి రైలుకట్ట వేశాడు. మా అమ్మ ఆ కట్ట పక్కనే నన్ను కన్నది. మమ్మల్ని మాత్రం ‘కూలీలు దక్షిణాది నుండి తెప్పించబడిరి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. గుర్రాలను కూడా అలాగే తెప్పిస్తారు.

3. జనము. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ‘తెలుగువారు ఇచ్చటివారు కారు. వీరందరికి స్వగ్రామములు వేరే కలవు. నౌకరీ ముగిసిన పిమ్మట అచ్చటికి మరలిపోవుదురు. వీరి జననమరణములు ఇచ్చట స్వల్పము’ అని అచ్చు వేశారు. ఆ ఇంగ్లీషును నాకు తెలుగు చేసి వినిపించినది మా కోడలు హైమవతి. ఈ వాక్యం దగ్గర ఆగిపోయి తలెత్తి నా ముఖం చూసింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే ఉంది.

ఇది ఎలా జరిగిందో వివరించుకుంటాను. మాలో ఒక అలవాటు ఉన్నది. ‘మీది ఏ ఊరు’ అని అడిగితే ఖరగ్‌పూర్ అని చెప్పం. తాతలు బయలుదేరి వచ్చిన ఊరి పేరు చెబుతాం. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు అడిగినా, రైల్లో పక్కవాడు అడిగినా అంతే. ఖరగ్‌పూర్ అని చెబితే వెనకా ముందూ లేనివాడనుకుంటారని మా పెద్దల భయం. మా ఎదురింటి అప్పలకొండ ఇక్కడే పుట్టింది, ఊరవతల కాసాయి ఏటి వంతెన దాటి ఎరగదు. అడిగితే ‘మాది టెక్కలి అవతల’ అంటుంది. టెక్కలి ఏ దిక్కున ఉందమ్మా అంటే కాసేపు ఆలోచించి వంటింటి వైపు చూపిస్తుంది. నన్నడిగితే నేను చీపురుపల్లి అంటాను. ఆ స్టేషను బోర్డు కిటికీలోంచి చూడడమే తప్ప ఆ ఊళ్లో దిగిన పాపాన పోలేదు.

ఇది తెలియని పరాయివాడు వచ్చి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుపోతే వాడి తప్పు కాదు. కానీ వచ్చినవాడు పరాయివాడు కాడు.

4. ఆ పుస్తకానికి మా లైన్ల వివరాలు సేకరించినవాడు తమ కచేరీ గుమాస్తా గోవిందరావు. మా పక్కింటి సింహాచలమ్మకు ఒక్కడే కొడుకు. తండ్రి ముందే పోయాడు. సింహాచలమ్మ పోయినప్పుడు వాడు చిన్నవాడు. అప్పటి నుంచి మా ఇంట్లోనే తిన్నాడు. నా భార్య పోలమ్మ తన పిల్లల కంచాల్లోంచి తీసి వాడికి పెట్టింది. నన్ను చిన్నాన్న అని పిలిచేవాడు. వాడు మెట్రిక్ పాసయితే లైనంతా బూందీ పంచుకున్నాం.

వాడు కాగితాలు పట్టుకుని వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిప్పింది నేనే. మన గోవిందు, భయపడకుండా చెప్పండి అని ప్రతి గుమ్మం ముందూ నేనే చెప్పాను. వాడు ఊరి పేరు ఒక్కటే అడిగాడు. ఎక్కడ పుట్టారని గాని, మీవాళ్లు ఎక్కడ పోయారని గాని అడగలేదు. వాడికి తెలిసిందే కదా, కొత్తగా అడిగేదేమిటని నేను కూడా అనుకున్నాను. దిబ్బ దగ్గరికి తీసుకెళితే చెప్పులు విడిచి, దండం పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లతో చూసి వచ్చి తుక్కు అని రాశాడు.

పుస్తకం విన్న మర్నాడు తమ కచేరీ వరండాలో వాడిని అడిగాను. కోపంగా అడగలేదు. పక్కకు పిలిచి అడిగాను.

‘ఆళ్లు నోటితో సెప్పినదే రాసినాను సిన్నాన్నా. నా సొంత మాట ఒక్కటీ నేదు,’ అన్నాడు.

‘మరి దిబ్బ మీద తుక్కుందని ఎవులు సెప్పినారు?’ అన్నాను.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ‘నాను వాల్తేరు నుంచి వచ్చినానని ఇక్కడందరికీ సెప్పుకున్నాను. లైను గుంటడినని తెలిస్తే నన్నెవులూ పక్కన కూసోనియ్యరు. అక్కడ సమాదులున్నాయని రాస్తే, నీకెలాగ తెలుసని అడగరేటి?’

నేను నోరు తెరిచేలోగా తమ పెద్దగుమాస్తా గారు అటు వచ్చారు. గోవిందరావు వెంటనే బెంగాలీలోకి మారి, ఏదైనా ఉంటే అర్జీ రాసి పెట్టుకో అని, ముక్కూ మొహం తెలియనివాడితో అన్నట్టు నాతో అనేసి లోపలికి వెళ్లిపోయాడు. సరే, అర్జీ రాసి పెట్టుకుంటున్నాను.

అయ్యా, తెలియక రాసిన తప్పయితే దిద్దుకోవచ్చు, నేను కూడా రెండు కేకలు వేసి ఊరుకునేవాడిని. ఇది తెలిసి రాసింది. మా అన్నం తిన్న చెయ్యి రాసింది. ఇది అర్జీలో రాయవలసిన మాట కాదని తెలుసు, అయినా రాశాను.

5. ఇక కోరేది. వచ్చే సోమవారం నుంచి కంట్రాక్టరు మనుషులు దిబ్బ తవ్వుతారని మా లైన్లలో టముకు వేశారు. నా భార్య పోలమ్మ నిరుడు ఆషాఢంలో పోయింది. ఆమె మీద పోసిన మట్టి ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. స్వగ్రామములకు మరలిపోవుదురని తమ పుస్తకం అంటోంది కదా. ఆమెను లేపి ఎక్కడికి తీసుకెళ్లమంటారు? చీపురుపల్లికా?

కాబట్టి తమరు దయచేసి ఆ తవ్వకమును వెంటనే నిలిపివేయవలెను. పుస్తకంలో ఆ పేజీ మీద ‘ఈ దిబ్బ తెలుగువారి శ్మశానము’ అని చిన్న చీటీ అతికించవలెను. మా జననమరణముల గురించి ఇంకా అనుమానం ఉంటే తమరే ఒకసారి దిబ్బ మీదికి దయచేయవలెను. ఏ పేరు ఎవరిదో పక్కన నిలబడి చెబుతాను.

ఈ అర్జీ ఇంగ్లీషులో రాసిపెడతానని మా కోడలు అన్నది. నేనే వద్దన్నాను. తెలుగు కాగితం వస్తే తమకు చదివి అర్థం చెప్పేవాడు కచేరీ మొత్తంలో గోవిందరావు ఒక్కడేనని విన్నాను. ఒక్క అక్షరం వదలకుండా పైకి చదవమని తమరు అతనికి ఆజ్ఞాపించవలెను.

ముసలివాడి నోటి దురుసును పక్కనబెట్టి, మనవిని మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొయ్యాన దేముడు
స్వగ్రామము: ఖరగ్‌పూర్

తా.క. గోవిందూ, ఇక్కడ ఆపీ. ఇక్కడి నుంచి దొరగారికి సదవకు. ఇది నీకు.

పైనున్నదంతా సదివినావో, నీ పేరున్న కాడ మింగీసి మిగతాది సదివినావో నాకు తెల్దు. మింగీసినా నానేటీ అనను. నీ నౌకరీ పోవాలని రాయనేదురా. నువ్వు వాల్తేరోడివే అవ్వు, ఇంకే ఊరోడివే అవ్వు, దిబ్బ ఒక్కటీ ఆపించు, సాలు.

నువ్వు ఆపించినా ఆపించకపోయినా సోమవారం పొద్దున్నే లైనోళ్లందరం అక్కడికి ఎల్తన్నాం. ఎవులోళ్ల తల కాడ ఆళ్లు కూసుంటారు. తవ్వితే మమ్మల్ని దాటి తవ్వాల. మీ పిన్ని కాడ నా కొడుకూ కోడలూ కూసుంటారు. నాను మీ అమ్మ కాడ కూసుంటాను. ఆవిడికి ఎవులూ నేరు కదా.