ఒడ్డుకో వాటా

చిన్నక్కకి, చిట్టితల్లి ప్రేమతో,

బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది. మా అత్త పంచాయతీ ప్రధాన్, అదే మీ లెక్కలో సర్పంచి, అయిందని కిందటిసారి గొప్పగా రాశానే, గొడవంతా అక్కడే మొదలైంది. చెత్త బండి కోసం ఇంటింటికీ నెలనెలా రుసుము పెట్టింది. చేపల పొట్టలు, చిరిగిన వలలు, థర్మాకోల్ ముక్కలు అన్నీ మేం జెట్టీ పక్కనే పారేస్తాం. పోటు వచ్చిందంటే అవన్నీ తిరిగి మా గుమ్మాల్లోకే వస్తాయి. బండి తిరగాలంటే డీజిలు పోయాలి కదా, ఆవిడ తప్పేం లేదు. కానీ వేట లేని రోజుల్లో ఎవరు కడతారు? మొట్టమొదట కట్టనన్నది ఎవరనుకున్నావు, మా ఆయనే, నీ మరిది!

"వేట నేదు, పైసా నేదు, చెత్తకి రుసుమేటి? కొడుకు కాడ కూడా వసూలేనా? బిల్‌కుల్ కట్టను" అని అందరి ముందూ అరిచాడు.

"కొడుకువని నిన్నొగ్గేస్తే మిగతావోళ్ల మొగం ఎలా సూడాల్రా పైడిబాబూ?" అందావిడ.

అంతే, తల్లీకొడుకులకు మాటల్లేవు. ఆయన వేరు కాపురానికని టౌన్లో, లంబాలైన్‌లో అద్దె గది చూసేశాడు. నీకొక్కదానికే చెబుతున్నానక్కా, నాకు వెళ్లాలని లేదు. అమ్మ పోయాక నన్ను దగ్గరకు తీసుకుని తల దువ్వింది ఈవిడే. ఆ మాట ఆయనతో అనలేక ఏడుస్తూ మూటలు కడుతున్నాను.

నీ చెల్లెలు,
చిట్టితల్లి

అక్కా,

మూటలు విప్పేశాను! జరిగింది విను. పోయిన వారం పడవలొచ్చాయి. వేట పంచుకునే తీరు నీకు తెలిసిందేగా, పడవకో వాటా, వలకో వాటా, తర్వాతే మనుషులకు. కుప్పలు పోస్తుంటే అత్త వచ్చి వాటి మధ్యన కూర్చుంది.

"పడవకెట్టారు, వలకెట్టారు. మీ కంపంతా మోస్తన్న ఒడ్డుకి ఏదిరా వాటా?" అంది. "ఇంటి రుసుము తీసేద్దారి. వేటొచ్చిన రోజు ఒడ్డుకో సిన్న కుప్పెట్టండి, అమ్మి బండి నడుపుదాం. వేట నేని రోజు నాకేటీ వొద్దు. నౌకరీవోళ్లు, హోటలోళ్లు డబ్బే కట్టాల. సిరిగిన వల సముద్రంలో ఒగ్గేసినోడికి మాత్రం వాటా రెట్టింపు!"

అందరికంటే ముందు మా ఆయనే వంగి తన వేటలోంచి కుప్ప పోశాడు. పైన ఒక పెద్ద వంజరం చేప కూడా పెట్టి, "సరిపోద్దా అమ్మా?" అన్నాడు. ఇన్నాళ్లకు అదే మొదటి మాట.

ఆవిడ ఆ వంజరాన్ని తీసి ఆయన చేతిలోనే పెట్టింది. "అందరికెంతో నీకూ అంతే. పెదాన్ కొడుకువని ఎక్కువెట్టకు."

జెట్టీ అంతా ఒకటే నవ్వు. గ్రామసభలోనూ అందరూ సరేనని చేతులెత్తారు. అలాంటి మనిషికి కోడలినని ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వంజరం పులుసు ఆవిడే పెట్టి కొడుక్కి వడ్డించింది. గది వద్దని ఆయన చెప్పేసి వచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే చెత్త బండి హారన్ వినబడితే బుట్ట పట్టుకుని ముందు పరిగెత్తేది నీ మరిదే.

గురమ్మ గారి కోడలు,
నీ చిట్టితల్లి