నీలం గళ్ళ ముక్క

తమ్ముడూ,

సాయంత్రం ఆసుపత్రి వాళ్ళు వస్తారు. మిషను మీద మడిచి పెట్టిన బొంత పిల్లల వార్డుకని చెప్పి ఇచ్చెయ్. మళ్ళీ విప్పావో, ఊరుకోను.

అత్త పోయాక మిగిలిన గుడ్డలు ఎవరికైనా పనికొస్తాయని నేను నడుం విరిగేలా కుడుతుంటే, "ఇది అత్త నాకు చొక్కా కుట్టిన గుడ్డ" అంటూ రోజుకో ముక్క పీకి దాచేస్తావేంట్రా? నువ్వు పీకిన చోటల్లా నా పాత చున్నీలు చింపి అతికాను. అత్త బొంత కాస్తా సగం నా బొంతయింది! మిషను సూది కూడా విరిగింది. కొత్తది తెచ్చిపెట్టు.

అక్క

అన్నట్టు, ఆ నీలం గళ్ళ ముక్క నీ దిండు గలీబులో దొరికింది. బొంతలో వెయ్యలేదులే, అక్కడే పెట్టాను. సగం మాత్రం నేను కత్తిరించుకున్నాను. అదే తానులోంచి అత్త నాకూ గౌను కుట్టింది.