చిక్కుడు గింజలు, చక్కెర నీళ్ళు

అత్తా,

ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నాటమని నువ్విచ్చిన చిక్కుడు గింజలు నాటలేదు. ల్యాబులో గింజలు అయిపోతే వాటిని మిక్సీలో వేసి పొడి చేసేశాను. "తీగ పందిరెక్కింది" అని చెప్పినవన్నీ కోతలే.

కానీ నీ గింజల్లోని ప్రోటీన్ ఎంత మొండిదనుకున్నావు! గాజు గొట్టంలో చక్కెర అంటించిన పూసల్ని పట్టుకుని, ఉప్పునీళ్ళతో ఎంత కడిగినా వదల్లేదు. చక్కెర నీళ్ళు పోశాక గానీ దిగిరాలేదు. "ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. ఇంకో కిలో తెప్పించు, లేకపోతే నీ థీసిస్ ఆగినట్టే" అంటున్నారు మా మేడమ్.

నీ కోపం కూడా అంతేనని మావయ్య అన్నాడు. అందుకే ఈ ఉత్తరాన్ని మిఠాయి డబ్బా అడుగున పెట్టాను. ఇది నీ చేతికి దొరికేసరికి మిఠాయంతా తినేసే ఉంటావు.

గింజలు ఎప్పుడు పంపుతున్నావు?

నీ మేనకోడలు