దువ్వాడలో దిగిపోయాను

ఉక్కునగరం,
ఆదివారం.

అప్పా,

నీ చెల్లెలు సూరి దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, ఈ ఇంటివాళ్ళ కుక్క లడ్డూ. ఖరగ్‌పూర్‌లో నువ్వూ బావా కూడా బాగున్నారని నీ ఉత్తరంలో రాశావు. ఆ సంగతి కాస్త కిందికి వెళ్ళాక మాట్లాడతాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కుక్కలకీ పిల్లులకీ తోడుండడం కూడా ఒక ఉద్యోగమేనా అని బావ నవ్వాడట. నవ్వనీ. ఈ ఇంటావిడ యశస్విని, వాళ్ళాయన ఊరెళ్తే వాళ్ళ క్వార్టర్లో నేనుంటాను. పొద్దున్నా సాయంత్రం లడ్డూని తిప్పుకొస్తాను, మొక్కలకి నీళ్ళు పోస్తాను. ఈ కుక్క దొరబాబు పెరుగన్నం చేత్తో కలిపి పెడితే గానీ ముట్టడు. వాళ్ళు రోజూ వీడియో కాల్ చేసి వీడితో ముద్దుమాటలు మాట్లాడతారు, నేను తిన్నానో లేదో మాత్రం అడగరు. అయినా నాకు బాగానే ఉంది. మీ మరిది పోయాక మా అత్తగారు మంచాన పడ్డ అన్నేళ్ళూ నేను చేసినదాని ముందు ఇదొక చాకిరీ కాదు. ఆవిడ కూడా పోయాక అద్దె వాటా ఖాళీ చేసేశాను కదా, ఇప్పుడు ఎవరింట్లో పనుంటే అదే నా ఇల్లు.

ఇంకో మాట అడిగావు. ఎంవీపీ కాలనీలో పిల్లి ఉన్న ఇంటివాళ్ళు వచ్చేశాక, ఈ కుక్క ఇంటికి వచ్చేలోపల ఎక్కడ తలదాచుకున్నావే అని. ఎక్కడో సర్దుకున్నానులే అని రాశాను. రాసిన కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

నేను దేశం చుట్టొచ్చాను అప్పా. ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్న స్నేహితుల్ని ఒక్క ఊపులో చూసి వచ్చేయాలనుకున్నాను. వన్ టౌన్‌లో మన పక్కవాటా చాంద్ సుల్తానా నీకు గుర్తుండే ఉంటుంది. పూనాలో కూతురి దగ్గర ఉంటోంది. మధ్యాహ్నం దిగాను, మర్నాడు పొద్దున్నే సంచీ భుజానికెత్తాను. “కూకోవే కాసేపు. ఆ రైలు నువ్వుగానీ నడపాలేటి?” అని తిట్టింది. ఢిల్లీలో నీలిమకి సెలవు దొరకలేదు. ఆఫీసు అయ్యాక ఇద్దరం మెట్రో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి నిలబడే మాట్లాడుకున్నాం. హౌరాలో ఫర్హా ఇంట్లో సున్నాలు వేస్తున్నారు, సామానంతా వరండాలో ఉంది. ఆ సామాను మధ్యే భోంచేశాం. ముగ్గురినీ చూశానన్న పేరే గానీ ఒక్కరితోనూ తనివితీరా కూర్చోలేదు. ఫోన్లో ఫొటోలు మాత్రం బోలెడున్నాయి.

హౌరా నుంచి ఇటు వచ్చే బండి మీ ఊరి మీదుగానే రావాలి. నీకు తెలుసు. అది సోమవారం సాయంత్రం. దిగానంటే మంగళవారం ఆడపిల్లని గుమ్మం దాటనివ్వవు. మంగళవారమే ఈ ఇంటి తాళాలు అందుకుంటానని నేను మాటిచ్చి ఉన్నాను. పూనా, ఢిల్లీ వెళ్ళినదాన్ని, అప్పగారి ఊళ్ళో దిగకుండా దొంగలా దాటేద్దామనుకున్నాను. అదొక్కటే అయితే నీ చేత నాలుగు చీవాట్లు తిని ఊరుకునేదాన్ని.

ఖరగ్‌పూర్‌లో బండి ఆగింది. కిటికీలోంచి చూశాను. చక్రాల కుర్చీలో నువ్వు. బావ తోస్తున్నాడు, వెనక ఒక కూలీ మీ సంచులు మోస్తున్నాడు. నీ చీర అంచు కింద ఒక్క పాదమే ఉంది. మా పక్క బోగీలోకే ఇద్దరూ కలిసి నిన్ను ఎత్తి ఎక్కించారు.

ఆ క్షణం నేను పరుగెత్తుకుని రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో ఎదురుగా కూర్చుని చెప్పలేను. నీకు వినబడాలంటే గట్టిగా అరవాలి, ఇది అరిచి చెప్పే మాట కాదు. నిన్నలా చూడగానే నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. మళ్ళీ బెడ్‌పాన్‌లు, మళ్ళీ పక్కబట్టలు ఉతకడం, మళ్ళీ నేనే అనుకున్నాను. అమ్మ పోతే నాకు జడలేసి బడికి పంపిన మనిషివి నువ్వు. నిన్ను చూసి అలా అనుకున్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకున్నాను అప్పా. సిగ్గుతో చచ్చిపోతున్నాను రాస్తుంటే.

తెల్లవారి అనకాపల్లి దగ్గర పడుతుందనగా ఉండబట్టలేక లేచాను. కాదు, తప్పు రాశాను, అనకాపల్లి దువ్వాడ దాటాక వస్తుంది. ఎక్కడున్నామో కూడా తెలీని స్థితిలో ఉన్నాను. మీ బోగీ దాకా వచ్చి లోపలి తలుపు దగ్గర ఆగిపోయాను. బావ నీకు వినబడేలా పెద్దగా మాట్లాడుతున్నాడు.

“దువ్వాడ వత్తంది. సూరికి ఓపాలి ఫోన్ సేత్తానే. టేసన్‌కొచ్చి సూసెల్తాది.”

“వద్దు” అన్నావు నువ్వు. “వేలూరు ఆస్పత్రికి ఎల్తన్నామని తెలిస్తే అదన్నీ ఒగ్గేసి వచ్చేత్తాది. ఆ ముసిలమ్మకి సేసి సేసి, ఇప్పుడే కాత్త ఊపిరి పీల్సుకుంతంది. దాన్ని తిరగనీ.”

“మరి కాలు తీసేసినారని ఎప్పుడు సెప్తావు?”

“పెట్టుడు కాలు పెట్టినాక సెప్తాను. నడిసి మరీ సూపిత్తాను దానికి.”

ఆ మాటలు విన్నాక కూడా నేను లోపలికి రాలేదు. విన్నందుకే రాలేకపోయానేమో కూడా. దువ్వాడలో బండి ఆగింది. మా బోగీకి వెళ్ళి సంచీ తీసుకుని దిగిపోయాను. మీ కిటికీ నా ముందు నుంచే వెళ్ళింది. స్తంభం చాటున నిలబడ్డాను. ఆ తర్వాత ఆటో ఎక్కి ఇక్కడికి వచ్చి కుక్కకి అన్నం కలిపాను.

ఇది జరిగి మూడు వారాలైంది. ఇప్పుడు ఖరగ్‌పూర్ నుంచి నీ ఉత్తరం వచ్చింది. రోజూ గోల్‌బజార్ దాకా నడుస్తున్నానని, మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయని రాశావు. నన్ను కాపాడడానికి నువ్వు అబద్ధం రాశావు. నా తప్పు బయటపడుతుందని నేను నీ కాలి గురించి ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎంతవరకు తీశారు? రాత్రిళ్ళు నొప్పికి నిద్ర పడుతోందా? షుగర్ వల్లేనా? ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?

ఈ ఇంటి తర్వాత ఒప్పుకున్న ఇళ్ళన్నిటికీ రానని చెప్పేశాను. యశస్విని వాళ్ళు శుక్రవారం వస్తారు, ఆ సాయంత్రమే నేను నీ దగ్గరికి బయలుదేరతాను. భయం పోయిందని మాత్రం అబద్ధం చెప్పను. నేను విసుక్కుంటాను, గిన్నెలు చప్పుడు చేస్తాను. ఆ రోజుల్లో అత్తగారి దగ్గర కూడా అలాగే ఉండేదాన్ని. అయినా నన్ను పంపించేయకు.

నీ మీద నాకూ ఒక కోపముంది అప్పా. బావ ఫోన్ చేస్తానంటే వద్దన్నావు. చెయ్యనిచ్చి ఉంటే అది ఆ తలుపు వెనకాలే మోగేది.

ఇట్లు,
నీ చెల్లెలు
సూరి