దేవుని బియ్యం డబ్బా

మస్కట్,
శుక్రవారం, 12 అక్టోబర్ 2012

పాస్టరమ్మ గారికి వందనాలు.

ఇక్కడ ఆరాధన శుక్రవారమే. ఆదివారం మా ఆయన డ్యూటీకి పోయినంక నాకు మన నారాయణగూడ చర్చే యాదికొస్తది. గుప్పెడు బియ్యం సంచి పట్టుకొని చిక్కడపల్లి నుంచి నడిచొచ్చేదాన్ని. అందరిండ్ల బియ్యం కలిపి మీరు అశోక్ నగర్ హాస్టల్ పిల్లలకు వండేటోళ్లు. ఆ అన్నం సగం మెత్తగ, సగం పలుకుగ అయ్యేది. నేను వంకలు పెట్టేదాన్ని.

వండినప్పుడల్లా దేవునికని గుప్పెడు తీసి డబ్బాల వేసుడు ఇక్కడ గూడ మానలె. కానీ ఈ చర్చిల బియ్యం తీసుకోరు. డబ్బా నిండిపోయింది.

పోయిన శుక్రవారం మా ఆయన ఒక్క మాట చెప్పకుండ, లేబర్ క్యాంపుల ఉండే పదకొండు మందిని చర్చి నుంచి భోజనానికి తోలుకొచ్చిండు. ఇంట్ల బియ్యం చాలలె. ఆ డబ్బా బియ్యమే వండి పెట్టిన. దేవుని సొమ్ము ఇంట్ల వండితే తప్పేమో అని వారం సంది పరేషాన్ల ఉన్న. మీరే చెప్పాలె.

అవి దేవుని బియ్యమని మా ఆయన వాళ్ల ముందర నోరు జారిండు. అందుకని ఇయ్యాల వాళ్లంతా క్యాంపుల ఎవరి రూముల బియ్యం వాళ్లు తలా గుప్పెడు మూటగట్టి తెచ్చిండ్రు. అన్నీ కలిపి వండిన. సగం మెత్తగ, సగం పలుకుగ అయింది, అమ్మగారు. కూర దింపేదాక గూడ ఆగలేక ఒట్టి అన్నమే తిన్న.

ఇట్లు,
వంకలు పెట్టే మీ చిక్కడపల్లి బిడ్డ