ఎత్తుబెల్లం పంచినంక

5 ఫిబ్రవరి 2025, బుధవారం
నా బిడ్డ నవత ఇంటికొచ్చింది. నాలుగు రోజులు కరీంనగర్ దవాఖానల ఉండి ఇయ్యాల డిశ్చార్జి అయింది. నాకు యాభై రెండేండ్లున్నప్పుడు పుట్టిన ఒక్కతే బిడ్డ, ఎనిమిదేండ్లది. గొంతు వాచి, ఒళ్లంత ఎర్రగ పొక్కి గరుకు కాయితం తీరుగ అయితే నా పానమే పోయినంత పనైంది. స్కార్లెట్ ఫీవర్ అట. గా పేరు నేనెన్నడు ఇనలే. డాక్టరమ్మ ఇంకో ఆరు రోజులు సిరప్ ఆపద్దన్నది. పిల్లను నలుగుట్ల కలవనియ్యద్దన్నది, గిలాస వేరే పెట్టుమన్నది. జరం పోయినంక గివన్ని ఎందుకో సమజ్ కాలే. సోమవారం వేములవాడ రాజన్నకు బిడ్డ ఎత్తు బెల్లం జోకుత. అనుకున్న మొక్కు.

7 ఫిబ్రవరి
సిరప్ పోస్తే బిడ్డ అన్నం ముడుతలేదు. చిక్కిన పిల్లను తక్కెట్ల కూసోబెడితే దేవుని బెల్లం గూడ తక్కువైతది. అందుకే సిరప్ ఆపిన. డాక్టర్ చదువు ఎన్నడు చదివినవని బాలలక్ష్మి నన్ను ఎక్కిరిచ్చింది. ఏడో తరగతి చదివిన గని పెండ్లాం నోటికి జవాబు చెప్పే చదువైతే లేదు. రాత్రికి బిడ్డ రెండు రొట్టెలు తిన్నది. ఎంత సంబురమో.

10 ఫిబ్రవరి, సోమవారం
ఇరవై ఒక్క కిలోలు తూగింది. దేవుని కాడ పెట్టి, మిగిలింది చుట్టాలకు పంచినం. అందరికి నవతనే తన చేతులతోని నోట్లె పెట్టింది. గట్టి గడ్డలు పండ్లతోని కొరికి ఇరిచింది. మా తమ్ముడు అంబదాస్ మనుమరాలు కోమల, నాలుగేండ్లది, నవత కొరికిన ముక్కనే కావాలని ఏడ్సింది. ఇచ్చింది. అందరం నవ్వినం.

12 ఫిబ్రవరి
కోమలకు జరం.

13 ఫిబ్రవరి, పొద్దుగాల ఆరు
కోమల ఒళ్లంత ఎర్రగ పొక్కింది. నా బిడ్డకు వచ్చినట్టే. నవత బాగై వచ్చింది కదా, బాగైన పిల్ల నుంచి రోగమెట్ల వస్తది? దిష్టేనా? నీళ్లేనా? అంబదాస్ గుమ్మం కాడ నిలబడి లోపలికి రాలే.

14 ఫిబ్రవరి
కోమలను దవాఖానల చేర్చుకున్నరు. డాక్టరమ్మ నవత సిరప్ సీసా తెమ్మన్నది. సగం ఉన్నది. జరం పోయినా క్రిమి గొంతులనే ఉంటదట, అందుకే ఆపద్దన్నదట. నన్ను తిట్టలే. తిడితే బాగుండు. నవతకు మల్ల మందు మొదలువెట్టిండ్రు.
బోథ్ నుంచి అక్క నర్మద ఫోన్ చేసింది. మనుమనికి గొంతు నొస్తుందట, మొన్న కొంగుల కట్టుకపోయిన రాజన్న బెల్లమే గోరువెచ్చని నీళ్లల్ల కలిపి తాపుతున్నదట, ఇంకింత పంపుమన్నది. సరే అక్కా అని పెట్టేసిన.

15 ఫిబ్రవరి
చెప్పాల్సినోళ్లు.
అక్క నర్మద. అందరికంటె ముందు, దాచకుంట.
నిర్మల్‌ల బావ రాములు, ఇంట్ల ముగ్గురు పిల్లలు.
మేనకోడలు మమతారాణి. ఏడో నెల.
చిన్నబాపు కొడుకు లక్ష్మణ్, వాళ్ల అవ్వ.
వేములవాడ బస్సుల నవత పక్కన కూసున్న ముసలవ్వ. మన చుట్టమే అనుకో అని నేనే బెల్లం పెట్టిచ్చిన. ఏ ఊరో అడగలే.